ఏటి చివర కృతజ్ఞత, ఏటి మొదట దీవెన

కొత్త సంవత్సరము వచ్చుచున్నదనగానే మన చూపు ముందునకు పరుగెత్తును. గోడకు కొత్త క్యాలెండరు తగిలింతుము. కొత్త డైరీ మొదటి పుటపై చక్కని దస్తూరితో పేరు వ్రాసికొందుము. రాబోవు పండ్రెండు మాసములలో ఏమేమి చేయవలెనో, ఏమేమి మానవలెనో పట్టికలు వేసికొందుము. గడచిన పండ్రెండు మాసములు మనకేమి యిచ్చిపోయినవో లెక్క చూచుకొనువారు మాత్రము అరుదు. పాత క్యాలెండరు పిల్లల పుస్తకములకు అట్టగా మారును. దానితో ఆ యేటి ప్రసక్తి ముగియును.

మన తెలుగునాట కతోలిక క్రైస్తవులు కొత్త ఏటిని ఆరంభించు పద్ధతి కొంత వేరుగా నుండును. వారు ముందు వెనుకకు తిరిగి చూతురు. ఆ తరువాతనే ముందునకు చూతురు. డిసెంబరు 31వ తేదీ రాత్రి గడచిన ఏటికి కృతజ్ఞత చెల్లింతురు. జనవరి 1వ తేదీన రానున్న ఏటికి దీవెన పొందుదురు. ఈ వరుసలో గొప్ప లోకానుభవము ఇమిడియున్నదని మా అభిప్రాయము. అది ఒక్క మతమువారికే గాక, సంసారములు నడుపుకొనుచున్న మనకందరకును పనికివచ్చునది. కావున దానిని గూర్చి ఈ పూట కొంత ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఒక మాటను పరిచయము చేయవలసియున్నది. ఒక గురువు ఆధ్వర్యమున నుండు కతోలిక సంఘమును ఇంగ్లీషులో పారిష్ అందురు. తెలుగు కతోలికులు దానిని 'విచారణ' అని పిలుచుకొందురు. ఇది న్యాయస్థానములోని విచారణ కాదు. బంధువుల యింటికి పోయినపుడు యోగక్షేమములు విచారింతుము గదా, ఆ విచారణ. పిల్లల చదువు, ముసలివారి ఆరోగ్యము, కాపురముల బాగోగులు కనిపెట్టి చూచుట ఆ మాటలోని భావము. అందుచేతనే గురువును 'విచారణకర్తలు' అని గౌరవముతో పేర్కొందురు. అనేక విచారణలు చేరి ఒక మేత్రాసనమగును. దానికి పెద్ద పీఠాధిపతి. గ్రామసీమలో విచారణ యనగా సాధారణముగా ఒక్క ఊరు కాదు. నడుమ పెద్ద దేవాలయము గల ఊరు, దాని చుట్టును పల్లెలు, పల్లెలలో చిన్న గుడులు, అచ్చట ప్రార్థన నడిపించు ఉపదేశులు, ఇదంతయు కలిసి ఒక విచారణ. ఒకే రాత్రి అన్ని పల్లెలలోను పూజ చేయుట ఒక్క గురువునకు సాధ్యము కాదు. గురువు రాలేని చోట ఉపదేశి జనమును కూర్చుకొని జపమాల చెప్పించి, ప్రార్థన నడుపును. సంవత్సరాంతపు కృతజ్ఞత పెద్ద దేవాలయమునకు మాత్రమే చెందినది కాదని దీనివలన తెలియుచున్నది.

ఏటి చివరి దినమున పాడుటకు శ్రీసభలో తరతరములుగా వచ్చుచున్న స్తోత్రగీతమొకటి కలదు. లాటిను భాషలో దానిని 'తే దేయుమ్' అందురు. దాని వయస్సు సుమారు పదునారు వందల యేండ్లు. మిలాను నగరమున 387లో అగుస్తీను జ్ఞానస్నానము పొందిన వేళ, ఆయనయు ఆయన గురువైన అంబ్రోసును ఒకరి తరువాత ఒకరు ఆశువుగా దీనిని పాడిరని పూర్వులు కథ చెప్పుకొనిరి. నేటి పండితులు ఆ కథను అంగీకరింపరు. కథ మాట యెట్లున్నను, గీతము మాత్రము నిలిచినది. 1963 డిసెంబరు 4న రెండవ వాటికను మహాసభ ఆరాధనలో దేశభాషలకు తలుపు తెరచిన పిమ్మట ఇట్టి ప్రార్థనలన్నియు క్రమముగా తెలుగు నాలుకపైకి వచ్చినవి. అంతకు ముందు అర్థము తెలియక భక్తితో తలవంచిన రైతు, ఇప్పుడు తాను దేనికి వందన మొనర్చుచున్నాడో తెలిసి తలవంచుచున్నాడు.

ఈ గీతమును గూర్చిన నియమమొకటి గమనింపదగినది. ఏటి చివరి దినమున దీనిని బహిరంగముగా, పదుగురితో కలిసి పాడినవారికి శ్రీసభ విశేషమైన ఆధ్యాత్మిక ఫలమును నిర్ణయించినది. అట్లే జనవరి 1వ తేదీన పవిత్రాత్మను ఆహ్వానించు 'వేని క్రెయాతోర్' అను మరియొక ప్రాచీన గీతమును బహిరంగముగా పాడినవారికిని ఆ ఫలమే చెప్పబడినది. గదిలో తలుపు మూసికొని చేయు ప్రార్థనకు విలువ లేదని దీని భావము కాదు. ఏటి చివరి కృతజ్ఞత ఊరుమ్మడి కార్యమని దీని భావము. చెరువు పూడిక తీయుట యెట్లు ఒక్కని పని కాదో, ఏడాది పొడుగున పొందిన మేలును తలచుకొనుటయు అట్లే ఒక్కని పని కాదు. ఏలయన, ఒక్కడు మరచినదానిని పక్కవాడు జ్ఞాపకము చేయును.

'తే దేయుమ్' గీతము మొదటినుండియు బహువచనములో నడచును. 'నేను' అని ఆరంభింపదు. 'మేము' అని ఆరంభించును. చిట్టచివరి వాక్యములో మాత్రమే పాడువాడు ఒంటరిగా నిలిచి, తన నమ్మకము వమ్ము కాకుండుగాక యని ఏకవచనములో వేడుకొనును. ఇచ్చట మన తెలుగుభాష మనకొక సూక్ష్మమును చూపుచున్నది. ఇంగ్లీషువారికి 'వుయ్' ఒక్కటే మాట. మనకు 'మేము' వేరు, 'మనము' వేరు. దేవునితో మాటలాడునపుడు 'మేము' అందుము. ఆ 'మేము'లో ఎవరెవరు చేరియున్నారో పక్కకు తిరిగి చూచుకొన్నపుడు 'మనము' అందుము. పక్కవానితో 'మనము' అనలేనివాడు దేవునితో 'మేము' అనుటకు అర్హుడగునా? సంవత్సరాంతపు కృతజ్ఞతలోని చిక్కంతయు ఈ ప్రశ్నయందే యున్నది.

'మనము' అనగా ఎవరు? విచారణ కార్యాలయపు బీరువాలో ఈ ప్రశ్నకు ఒక సమాధానము భద్రముగా నుండును. అవి రిజిస్టరు పుస్తకములు: జ్ఞానస్నానము పొందినవారి పుస్తకము, వివాహమాడినవారి పుస్తకము, మరణించినవారి పుస్తకము. వివాహములను విధిగా పుస్తకమున వ్రాసియుంచవలెనని 1563లో ట్రెంటు మహాసభ శాసించినది. 1614లో వెలువడిన రోమను సంస్కార గ్రంథము విచారణ గురువు ఐదు పుస్తకములు నిర్వహింపవలెనని చెప్పినది. వానిలో ఒకటి ఇంటింటికి తిరిగి ఏ కుటుంబమున ఎవరెవరున్నారో వ్రాసికొనునది. పొలము లేనివాడు రెవెన్యూ పుస్తకములకు ఎక్కలేదు. ఆస్తి లేనివాని పేరు దస్తావేజులలో కానరాదు. కాని విచారణ పుస్తకమున మునసబు బిడ్డ పేరు, పాలేరు బిడ్డ పేరు ఒకే సిరాతో, ఒకే గీతలపై, తేదీల వరుసననుసరించి వ్రాయవలసినదే.

ఏటి చివరి పూజలో ఆ యేటి లెక్కను చదివి వినిపించు ఆచారము కొన్ని విచారణలలో కలదు. ఇన్ని జ్ఞానస్నానములు, ఇన్ని పెండ్లిండ్లు, ఇన్ని భూస్థాపనలు అని గురువు చదువును. వినువారికి ఇవి అంకెలు కావు. జ్ఞానస్నానముల లెక్క వినుచున్న తల్లి తన యొడిలోని బిడ్డను చూచుకొనును. భూస్థాపనల లెక్క వచ్చినపుడు ముందు వరుసలోని ముసలాయన కండువాతో కన్నులు తుడిచికొనును. ఒకరి సంతోషమును మరియొకరి దుఃఖమును ఒకే గొంతు, ఒకే ఊపిరిలో చదివి ముగించును. ఆపైన జనులందరును కలిసి కృతజ్ఞతాగీతము పాడుదురు.

పుస్తకములకు ఎక్కని మేలు కూడ కలదు. తెల్లవారుజామున లేచి గంట మ్రోగించువాడు, గుడి వాకిలి ఊడ్చి ముగ్గుపెట్టు స్త్రీలు, హార్మోనియము వాయించి పిల్లలకు పాటలు నేర్పు యువకుడు, వానలో తడిసి ఆరోగ్యకేంద్రమునకు రోగిని మోసికొనిపోయిన పొరుగువారు, వీరి పేర్లు ఏ రిజిస్టరులోను ఉండవు. ఆ పొరుగువారు ఆ మతమువారే కానక్కరలేదు. బెజవాడ చెంత గుణదలలో 1924లో ఫాదరు అర్లాటి మరియమాత స్వరూపమును ప్రతిష్ఠించిరి. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అచ్చట జరుగు ఉత్సవమునకు ఏ మతమువారు ఎందరని లెక్కించువారు లేరు. కొండ ఎక్కు వృద్ధురాలికి చేయూతనిచ్చిన చేతిని ఎవరును కులమడుగరు. కృతజ్ఞత చెప్పదలచినవాడు ఇట్టివారిని కూడ 'మనము'లో చేర్చుకొనక తప్పదు.

ఇక కృతజ్ఞత యను మాటను గూర్చి కొంత విచారింతము. అది సంస్కృతపదము, చేసినదానిని ఎరిగియుండుట అని దాని అర్థము. 'ధన్యవాదము' సభావేదికలపై తరచు వినబడు మాట. ఇంటిలో వాడుకొను అచ్చ తెలుగులో ఈ భావమునకు సరియైన మాట లేదని కొందరు ఆక్షేపింతురు. మాట లేకపోవచ్చును గాని, ఆ పని లేకపోలేదు. దాహమడిగిన ముసలమ్మకు చెంబెడు మంచినీళ్ళిచ్చినచో ఆమె ఏమనును? "చల్లగా ఉండు నాయనా" అనును. ఆకలితో వచ్చినవానికి అన్నము పెట్టిన ఇల్లాలిని "నీ కడుపు చల్లగుండ తల్లీ" అని అతడు దీవించును. తెలుగువాడు మేలు పొందినపుడు తన సంతోషమును చెప్పి ఊరకుండడు. మేలు చేసినవానికి మేలు కోరును. అనగా మన యిండ్లలో కృతజ్ఞతయే దీవెన, దీవెనయే కృతజ్ఞత. రెండింటికి నడుమ గోడ లేదు.

చిత్రమేమనగా, బైబులు పూర్వనిబంధన వ్రాయబడిన హీబ్రూభాషలోను ఇట్టి పోలికయే కలదు. దేవుడు మానవుని దీవించుటకును, మానవుడు దేవుని స్తుతించి కృతజ్ఞత తెలుపుటకును ఆ భాషలో ఒకే క్రియ వాడుదురు. 'బరాక్' అనునది దాని రూపము. మానవుడు దేవునికి దీవెన ఇచ్చుటయేమియని సందేహించి కాబోలు, తెలుగు అనువాదకులు దేవుని విషయమున 'సన్నుతించుట', 'స్తుతించుట' వంటి మాటలను, మానవుని విషయమున 'దీవించుట', 'ఆశీర్వదించుట' అను మాటలను వాడిరి. మర్యాదకు అది తగినదే. కాని మూలభాషలో ఆ రెండును ఒకే బాటకు రెండు కొనలు. పైనుండి వచ్చిన దీవెన క్రిందినుండి కృతజ్ఞతయై తిరిగి పోవును. డిసెంబరు 31, జనవరి 1 తేదీల నడుమ విచారణలో జరుగునది ఈ రాకపోకయే.

ఇంతవరకు చెప్పినది మంచి యేటికి సరిపోవును. పంట ఇంటికి వచ్చి, పిల్ల పెండ్లి జరిగి, రోగి లేచి తిరిగిన యేట కృతజ్ఞత చెప్పుట కష్టము కాదు. చెడ్డ యేటి సంగతి యేమి? 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడెను. వేలకొలది జనులు, లెక్కకు మించిన పశువులు కొట్టుకొనిపోయిరి. కోతకు వచ్చిన చేలు ఉప్పునీట మునిగినవి. ఆ నాటి నుండి డిసెంబరు 31కి నలువదిరెండు దినములు మాత్రమే గడచినవి. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిని ఏ మతమువారైనను, ఏ నోటితోనైనను "దేవునికి కృతజ్ఞత చెప్పుమమ్మా" అని అడుగగలరా? అడిగినచో అది భక్తి యగునా, క్రూరత్వమగునా?

ఈ ప్రశ్నను తప్పించుకొని కృతజ్ఞతను గూర్చి మాటలాడుట న్యాయము కాదు. 2020వ సంవత్సరము కరోనా మహమ్మారితో గడచినది. ఆ డిసెంబరు 31న రోము నగరమున పునీత పేతురు మహాదేవాలయములో జరిగిన కృతజ్ఞతాప్రార్థనకు నాటి పోపు ఫ్రాన్సిస్ అస్వస్థత వలన రాలేకపోయిరి. వారు సిద్ధపరచిన ప్రసంగమును కార్డినలు రే చదివి వినిపించిరి. అట్టి యేటి చివర దేవునికి కృతజ్ఞత చెప్పుట బలవంతముగా తోచవచ్చునని ఆ ప్రసంగము దాచకుండ ఒప్పుకొన్నది. ఆ పిమ్మట మంచి సమరీయుని కథను జ్ఞాపకము చేసినది. దారిలో దెబ్బలు తిని పడియున్న పరదేశిని చూచి ఒకనికి జాలి కలిగెను గదా. ఆ జాలియందే దేవుని కదలికను వెదకవలెనని దాని సారాంశము. రోగులకు సేవ చేసిన వైద్యులు, నర్సులు, తమ పని తాము విడువక చేసిన సామాన్యులు, వీరిని చూచియే ఆ యేట కృతజ్ఞత చెప్పదగునని ఆ ప్రసంగము బోధించినది.

కావున కృతజ్ఞత ఆపదకు చెప్పునది కాదు. ఆపదలోను చావని మంచితనమునకు చెప్పునది. ఉప్పెన పోయిన మరునాడు గంజి కాచి పోసినవారున్నారు. ఎవరి శవమో తెలియక, ఎవరిదైననేమి యని పూడ్చిపెట్టినవారున్నారు. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలను అక్కున చేర్చుకొన్నవారున్నారు. ఆ తల్లి నోరు మెదపకపోయినను దోషము లేదు. ఆమె పక్కన కూర్చుండి, ఆమె చేతిని పట్టుకొని, ఆమె బదులు మిగిలిన విచారణ జనము 'మేము' అని పాడవలెను. బహువచనమునకు గల ప్రయోజనము ఇదియే. పాడలేనివానిని కూడ పాటలో మోసికొనిపోవుటకు అది చోటిచ్చును. ఏకవచనములో చెప్పు కృతజ్ఞతకు ఈ బలము లేదు.

లూకా సువిశేషము 17వ అధ్యాయమున మరియొక సంగతి కలదు. పదిమంది కుష్ఠరోగులు యేసువలన స్వస్థులైరి. తొమ్మండుగురు తమ దారిన తాము పోయిరి. ఒక్కడు మాత్రము తిరిగి వచ్చి పాదములపై బడి కృతజ్ఞత తెలిపెను. ఆ యొక్కడు సమరీయుడు. అనగా ఆ దేశమువారు చిన్నచూపు చూచి దూరముగా నుంచిన జాతివాడు. రోగమున్నంతకాలము పదిమందియు ఒక్క గుంపుగా నుండిరి. అప్పుడు జాతిభేదము లేదు. ఆరోగ్యము వచ్చినది, గుంపు విడిపోయినది. కష్టములో కలిసి సుఖములో విడిపోవుట మానవస్వభావము. ఏటి చివరి కృతజ్ఞత ఈ స్వభావమునకు ఎదురీతయని చెప్పవచ్చును.

రాత్రి గడచి జనవరి 1వ తేదీ తెల్లవారును. ఈ దినమునకు శ్రీసభ చరిత్రలో అనేక రూపములు కలవు. ప్రాచీన రోమునందు అది తాగి తందనాలాడు పండుగ. 567లో టూర్సు నగరమున కూడిన సభ ఆ వేడుకలకు ప్రతిగా ప్రార్థనలు జరుపవలెనని నిర్ణయించినది. చిరకాలము అది క్రీస్తు జన్మించిన ఎనిమిదవ దినమున జరిగిన సున్నతి పండుగగా నుండెను. 1969లో పండుగల పట్టికను సవరించిన పిమ్మట అది దేవమాతయైన మరియమ్మ మహోత్సవమైనది. 1968 జనవరి 1 మొదలుగా, ఆరవ పౌలు పోపు పిలుపు ననుసరించి, ఆ దినమును ప్రపంచ శాంతిదినముగా కూడ పాటించుచున్నారు. ఏటి తొలి వాకిట తల్లిని, శాంతిని కలిపి నిలుపుట ఉచితముగనే యున్నది.

ఆనాటి పూజలో మొదటి పఠనము సంఖ్యాకాండము 6వ అధ్యాయము నుండి. ప్రజలను ఎట్లు దీవింపవలెనో మోషే ద్వారా అహరోనునకును ఆయన కుమారులకును దేవుడు నేర్పిన భాగమది. కాపాడుట, దయగల ముఖముతో చూచుట, శాంతి నొసగుట ఆ దీవెనలోని ముఖ్యాంశములు. హీబ్రూమూలమున అది మూడు వాక్యములు. మొదటిది మూడు మాటలు, రెండవది ఐదు మాటలు, మూడవది ఏడు మాటలు. చిన్న ఊట వాగై, వాగు ఏరైనట్లు ఆ దీవెన పెరుగుచు పోవును. దాని ప్రాచీనతకు తిరుగులేని సాక్ష్యము 1979లో దొరకినది. యెరూషలేము చెంత కేతెఫ్ హిన్నోమ్ అను చోట ఒక పాత సమాధిలో రెండు చిన్న వెండిరేకుల చుట్టలు బయటపడినవి. విప్పి చదువగా ఈ దీవెనమాటలే వానిపై చెక్కబడియున్నవి. అవి సుమారు రెండువేల ఆరువందల యేండ్ల నాటివని పండితుల నిర్ణయము. తాయెత్తువలె ఎవరో మెడలో ధరించిన దీవెనను మరణించిన పిమ్మటను విడువక వెంట గొనిపోయిరి.

ఆ దీవెనలో మరియొక విశేషము కలదు. అది ఇశ్రాయేలు ప్రజలందరి మీద పలుకవలసిన దీవెన. అయినను హీబ్రూమూలమున 'మిమ్ము' అని లేదు; 'నిన్ను' అని యున్నది. వేలమంది నిలుచుండియుండగా పలికిన మాట ఒక్కొక్కని ముఖము చూచి పలికినట్లున్నది. శ్రోతలారా, ఈ సూక్ష్మమును గట్టిగా పట్టుకొనవలెనని మా మనవి. కృతజ్ఞత బహువచనము, దీవెన ఏకవచనము. మనమందరము కలిసి పొందినదానికి కలిసి వందనము చేయవలెను. కాని దీవించునపుడు గుంపును చూచి దీవించిన చాలదు. గుంపులోని ప్రతి ఒక్కని, పేరుపెట్టి పిలిచినట్లు, దీవింపవలెను. లోకములో మనము దీనిని తలక్రిందులు చేసికొన్నాము. మేలు జరిగినచో 'నేను సాధించితిని' అని ఏకవచనములో చెప్పుకొందుము. శుభాకాంక్షలు మాత్రము అచ్చువేయించి అందరకును ఒకటే కార్డు పంపుదుము.

విచారణలలో ఈ ఏకవచనపు దీవెన నేటికిని సజీవముగా నున్నది. పూజ ముగిసిన పిమ్మట జనులు పండో, పూలో చేతబట్టి గురువు చెంతకు పోవుదురు. "స్తోత్రము ఫాదరు" అని ఒక్కొక్కరు చేతులు జోడింతురు. ఆయన ఒక్కొక్కరి తలపై చేయి వేసి దీవించును. ఇచ్చటను మొదట స్తోత్రము, పిదప దీవెన. ఇంటికి వచ్చిన తరువాత పిల్లలు తాతయ్యకు, నాయనమ్మకు నమస్కరింతురు. పెద్దలు బొటనవ్రేలితో పిల్లల నుదుట సిలువ గుర్తు వేయుదురు. మాటలు రెండో మూడో యుండును. ఆ బిడ్డ పెద్దవాడై పరదేశమున ఉద్యోగము చేయుచు టెలిఫోనులో "అమ్మా, దీవించు" అని అడుగునపుడు ఆమెకు వేరే మంత్రము అక్కరలేదు. నుదుటి మీది ఆ వ్రేలి స్పర్శ వానికి జ్ఞాపకము వచ్చును.

కాని దీవెన పుచ్చుకొని మూటగట్టుకొనునది కాదు. కతోలికుల పూజకు గల రెండు ప్రాచీన నామములు ఈ సంగతిని చెప్పక చెప్పుచున్నవి. ఒకటి గ్రీకుమాట 'యూకరిస్తియా'. దాని అర్థము కృతజ్ఞత. రెండవది లాటినుమాట 'మిస్సా'. దాని అర్థము పంపివేయుట. కృతజ్ఞతతో కూడినవారిని దీవెనతో పంపివేయుదురు. ఎచ్చటకు? వాకిలి బయట నున్న లోకమునకు. జనవరి 1వ తేదీన రోమనులు ఒకరికొకరు ఇచ్చుకొను కానుకలను గూర్చి పునీత అగుస్తీను ఒక ప్రసంగము చేసిరి. లోకులు కానుకలు పంచుకొనునపుడు మీరు బీదలకు దానము చేయుడని దాని సారాంశము. తిరిగి ఇయ్యగలవానికి ఇచ్చునది కానుక; తిరిగి ఇయ్యలేనివానికి ఇచ్చునది దీవెన. 1833లో పారిసు నగరమున ఫ్రెడరిక్ ఓజనాము మిత్రులతో కలిసి స్థాపించిన విన్సెంట్ దె పాల్ సంఘము నేడు మన విచారణలలోను కలదు. ఇంటింటికి పోయి పేదల కష్టము కనుగొని చేతనైన సాయము చేయుట ఆ సంఘము పని. గురువునకు సమర్పించిన పండ్లు ఆసుపత్రిలోని రోగికి చేరినపుడు, ఆ దీవెన నడక నేర్చినదని చెప్పవచ్చును.

చివరగా ఒక చేదుమాట చెప్పక తప్పదు. ఒకే పూజాపీఠము ఎదుట మోకరించినవారు కూడ వాకిలి దాటిన పిమ్మట కులముల వారీగా విడిపోవుట, కొన్ని చోట్ల శ్మశానమునందు సైతము వేరువేరు హద్దులు గీసికొనుట మన దేశపు శ్రీసభకు తెలియని సంగతి కాదు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత కొరకు ఒక విధానపత్రమును ప్రకటించి, ఈ వివక్ష తమలో నున్నదని ఒప్పుకొన్నది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినలు పదవి నందుకొనిరి. తెలుగువారిలో ఆ పదవి పొందిన మొదటివారు ఆయనయే. దళితులలోను మొదటివారు ఆయనయే. ఇది సంతోషింపదగిన విషయము. కాని పైమెట్టున ఒకరు కూర్చుండినంత మాత్రమున క్రిందిమెట్ల లెక్క సరిపోదు. పల్లెలో ఏటి చివరి రాత్రి 'మేము' అని పాడిన నోరు, జనవరి 2వ తేదీన పక్కపేటవానిని 'వారు' అనకుండుటయే అసలు పరీక్ష.

ఈ పరీక్ష ఒక్క కతోలికులకే పెట్టబడినదని శ్రోతలు తలపరాదు. ఉగాదికి పచ్చడి పంచుకొను ఇంటిలోను, రంజానుకు సేమ్యాపాయసము పంపుకొను వీధిలోను ప్రశ్న ఇదియే. మనము కృతజ్ఞత చెప్పునపుడు ఎవరిని విడిచిపెట్టితిమి? దీవించునపుడు ఎవరి పేరు మరచితిమి? ఇంటిలో పనిచేయు మనిషి, పాలు పోయు అబ్బాయి, చెత్త ఎత్తుకొనిపోవు స్త్రీ, వీరివలన మన యేడు గడచినది. వీరి పేర్లు మన లెక్కపుస్తకమున జీతపు పద్దులో మాత్రమే యున్నవా, మేలు పద్దులో కూడ నున్నవా? ఏటి చివరి రాత్రి పావుగంట సేపు ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఈ యేడు మనకు మేలు చేసినవారెవరని పిల్లలచేత పేర్లు చెప్పించినచో అది గొప్ప పూజ యగును. తెల్లవారిన పిమ్మట ఆ పేర్లు గలవారిని కలిసికొని, ఒక్కొక్కరిని కన్నులలోనికి చూచి, రెండు మంచిమాటలు పలికినచో అది గొప్ప దీవెన యగును. ఖర్చు లేదు; శ్రమయు లేదు. కొంచెము జ్ఞాపకము, కొంచెము వినయము చాలును.

శ్రోతలారా! పాత యేడు పోవునపుడు మన ముసలమ్మలు నేర్పిన మాటతో దానిని సాగనంపుదము. ఇచ్చినదానికి వందనము, తీసికొనిపోయినదానికి ఓర్పు. కొత్త యేటిలో మీ పొయ్యిలో నిప్పు ఆరకుండుగాక. మీ గడపకు వచ్చినవారు ఆకలితో తిరిగి పోకుందురుగాక. మీ యిండ్లలో ఒంటరిగా భుజించువారు లేకుందురుగాక. దూరదేశములలో నున్న మీ బిడ్డలు క్షేమముగా నుందురుగాక. వినుచున్న మీలో ఒక్కొక్కరిని ఉద్దేశించి, ఏకవచనములో, పెద్దతనము తీసికొని చెప్పుచున్నాము: చల్లగా ఉండు.